ఒక్కదాన్నే

తెల్లవారుజామున మూడింటికి శంషాబాద్ విమానాశ్రయంలో దోహా విమానం కోసం కూర్చున్నాను. అక్కణ్ణించి ఎడిన్‌బరో వెళ్లాలి. యాభై రెండేళ్లకి ఒక్కదాన్నే దేశం దాటడం ఇదే మొదటిసారి. ఇంటి దగ్గర అందరూ అడిగింది ఒకటే, "తోడెవరు?" అని. పక్క కుర్చీలో కడప జిల్లా ఆమె కూర్చుని ఉంది. "యాడికి పోతాండారు మేడం? ఒక్కరేనా? నేనూ ఒక్కదాన్నే" అంది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్తోంది, మూడోసారి.

అంతకుముందు వాష్‌రూమ్ తుడుస్తున్న ఆమెతో మాట కలిసింది. "మా పొలం గీడనే ఉండె అమ్మా. పట్టా మా మామ పేరు మీదుండె, పైసలు ఆయనకే వచ్చినయ్" అంది. 2008 మార్చి 23న బేగంపేట నుంచి రాకపోకలు ఇక్కడికి మారాయి. సుమారు 5,500 ఎకరాల ఈ విమానాశ్రయం చుట్టుపక్కల ఊళ్ల భూముల మీదే లేచింది. ఆమె ఇంతవరకూ విమానం ఎక్కలేదు.

ఒంటరి ప్రయాణం అనగానే మన రాతల్లో ధైర్యం, స్వేచ్ఛ అనే మాటలు ముందొస్తాయి. గడప దాటిన ప్రతి స్త్రీ వెనకా ఒక కాగితం ఉందన్న సంగతి వెనకబడిపోతుంది. ఆ కాగితం ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నది కూడా స్త్రీల చరిత్రే.

1895లో పదహారేళ్ల సరోజినీ చటోపాధ్యాయ హైదరాబాద్ నుంచి ఇంగ్లండ్ వెళ్లింది నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద. చదువు ఒక్కటే కారణం కాదు. ప్రేమించిన గోవిందరాజులు నాయుడికి ఆమెను దూరంగా ఉంచాలన్న ఆలోచన కూడా పెద్దవాళ్లకుంది. మనం స్వేచ్ఛగా చదువుకునే ఆ ప్రయాణంలో వెలివేత కూడా కలిసే ఉంది. 1898లో తిరిగొచ్చి ఆమె అతన్నే పెళ్లి చేసుకుంది.

నేను ఎడిన్‌బరో వెళ్లింది మాత్రం రూపాబాయి ఫర్దూన్‌జీ కోసం. హైదరాబాద్ పార్సీ స్త్రీ. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరి, 1889లో హకీం పట్టా పుచ్చుకుంది. క్లోరోఫారం ఎంత సురక్షితమో తేల్చడానికి ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889ల్లో ఇక్కడ రెండు కమిషన్లు పనిచేశాయి. ఆ రోజుల్లోనే ఆమె రోగులకు మత్తు ఇవ్వడంలో చెయ్యి తిరిగింది. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. ఇరవై ఏళ్లు పనిచేశాక, 1909లో, భౌతిక రసాయన శాస్త్రాలు చదవడానికి ఎడిన్‌బరో వెళ్లింది. 1847లో సింప్సన్ క్లోరోఫారాన్ని మొదటగా ప్రసవాల్లో వాడిన ఊరు అది.

ఎడిన్‌బరోలో మొదటి రోజు నేను కోట చూడలేదు. గదిలో సంచి పడేసి నికల్సన్ వీధిలోని సర్జన్స్ హాల్‌కి నడిచాను. 1870 నవంబరు 18న సోఫియా జెక్స్‌బ్లేక్, ఆమె తోటి విద్యార్థినులు పరీక్షకు వస్తే మగ విద్యార్థులు బురద చల్లి, గేటు మూసింది ఇక్కడే. ఆ ఏడుగురికీ విశ్వవిద్యాలయం డిగ్రీ ఇవ్వలేదు. 2019లో, వాళ్లంతా పోయాక ఎంతో కాలానికి, గౌరవ డిగ్రీలిచ్చింది. స్కాట్లండ్‌లో స్త్రీలకు డిగ్రీలివ్వడానికి వీలు కల్పించిన చట్టం 1889లో వచ్చింది. అదే ఏడు హైదరాబాద్‌లో రూపాబాయి చేతిలో పట్టా ఉంది. యూరప్ వెళ్లి మనవాళ్లు ఆధునికత నేర్చుకొచ్చారనే కథ ఆ గేటు ముందు కాస్త తడబడుతుంది.

రూపాబాయి గురించి చరిత్ర దాచిపెట్టింది పట్టాలు, పదవులు. 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంట్‌గా రిటైరైందని చెబుతుంది. కొత్త ఊళ్లో మొదటి సాయంత్రం ఎలా గడిచిందన్నది అలాంటి జాబితాల్లోకి ఎక్కదు. నా సాయంత్రం నేను రాసుకున్నాను: సూప్, రొట్టె, తలుపు గడియ రెండుసార్లు చూసుకోవడం. భయం వెయ్యలేదని రాస్తే అబద్ధం.

నా కాగితం నా జీతం చీటీ. వీసా దాని మీదే వచ్చింది. పాస్‌పోర్టు చివరి పేజీలో మాత్రం భర్త పేరుంది. పెళ్లి సర్టిఫికెట్ అక్కర్లేదని, విడిపోయిన స్త్రీ భర్త పేరు రాయనక్కర్లేదని 2016 డిసెంబరులో నిబంధనలు మారాయి. కడప ఆమె పదో తరగతి దాటలేదు. అలాంటి పాస్‌పోర్టున్న స్త్రీ ముప్పై నిండకుండా గల్ఫ్‌కి పనికి వెళ్లకూడదన్న నిబంధన ఉంది. రక్షణ కోసమే పెట్టారు. ఆమె మొదటిసారి ఇరవై ఆరేళ్లప్పుడు విజిట్ వీసా మీద వెళ్లింది. అంటే ఏ రక్షణా లేకుండా.

తిరిగొచ్చాక ఆమెకి ఫోన్ చేసి, అక్కడ మొదటి రోజు ఎలా గడిచిందని అడిగాను. "దిగినరోజే పాస్‌పోర్టు తీసి పెట్టుకున్న్యారు మేడం. ప్రతిసారీ అంతే" అంది. తర్వాత నన్నడిగింది, "మీది మీ కాడే ఉండె గదా?" అని.