దైర్ అల్-మదీనా

దైర్ అల్-మదీనా ప్రాచీన ఈజిప్టులో రాజసమాధులు తొలిచిన పనివాళ్లు కుటుంబాలతో కాపురమున్న ఊరు. ఇప్పటి లక్సర్ నగరానికి ఎదురుగా, నైలు నది పడమటి గట్టున, ఎడారి కొండల మధ్య ఒక చిన్న లోయలో దీని శిథిలాలున్నాయి. ఆనాటి పేరు సెత్ మాత్, అంటే సత్యస్థానం. క్రీ.పూ. 1500 ప్రాంతం నుంచి క్రీ.పూ. 1080 ప్రాంతం దాకా, నాలుగు వందల ఏళ్లకు పైగా ఇక్కడ జనం నివసించారు. ఈజిప్టు చరిత్రలో ఆ కాలాన్ని నూతన రాజ్యం అంటారు. ఈ ఊరివాళ్లు జీతాలు, అప్పులు, తగాదాలు, రోగాలు, ప్రార్థనలు అన్నిటినీ రాసిపెట్టారు. అందువల్ల ప్రాచీన ఈజిప్టు సామాన్యుల బతుకు గురించి ఇంత వివరంగా చెప్పే చోటు మరొకటి లేదు.

పుట్టుక

పాత రాజ్యపు ఫారోలు తమ సమాధుల మీద పిరమిడ్లు కట్టించుకున్నారు. అవి ఎంత దూరానికైనా కనిపించేవి, దొంగలకూ కనిపించేవి. నూతన రాజ్యపు రాజులు థీబ్స్ (ఇప్పటి లక్సర్) నగరానికి పడమట ఉన్న కొండల లోపలికి సొరంగాలు తొలిపించి, వాటిలో సమాధి కావడం మొదలుపెట్టారు. అదే రాజుల లోయ. ఆ పనికి రాయి తొలిచేవాళ్లు, గచ్చు పూసేవాళ్లు, బొమ్మల గీతలు గీసేవాళ్లు, చెక్కేవాళ్లు, రంగులు వేసేవాళ్లు తరతరాలుగా అందుబాటులో ఉండాలి. ప్రభుత్వం వాళ్లను ఒకే చోట నిలిపి పోషించింది. ఊరి తొలి ప్రహరీ ఇటుకల మీద మొదటి థుట్మోస్ రాజు ముద్ర కనిపిస్తుంది. ఊరివాళ్లు మాత్రం అతనికి ముందు ఏలిన మొదటి అమెన్‌హోటెప్‌నూ, అతని తల్లి అహ్మోస్ నెఫెర్తారినీ తమ ఇలవేల్పులుగా కొలిచారు. అఖెనాటెన్ రాజు కాలపు మత కల్లోలం తరవాత హోరెమ్‌హెబ్ రాజు ఊరిని మళ్లీ ఒక దారికి తెచ్చాడు. రెండవ రామ్సెస్ ఏలుబడిలో ఊరు బాగా కళకళలాడింది.

ఊరి అమరిక

ప్రహరీ లోపల 68 దాకా ఇళ్లుండేవి. ఉత్తర దక్షిణాలుగా ఒకటే ప్రధాన వీధి, దానికి రెండు పక్కలా గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్లు. రాతి పునాది మీద పచ్చి ఇటుకల గోడలు, పైన చదునైన మిద్దె. ఒక్కో ఇల్లు సుమారు 70 చదరపు మీటర్లు. వీధి వైపు గదిలో పూజకు వాడిన అరుగులాంటి కట్టడం, దాని వెనక స్తంభం నిలిపిన పెద్ద గది, ఇంకా లోపల పడకగది, చివర వంటిల్లు. సరుకులు దాచుకోవడానికి నేలమాళిగలూ ఉండేవి.

ఊళ్లో నీళ్లు లేవు. బావి కోసం ఊరికి ఉత్తరాన సుమారు 50 మీటర్ల లోతు గొయ్యి తవ్వారు గాని నీరు పడలేదు. నీళ్లు గాడిదల మీద కింది పొలాల వైపు నుంచి రావలసిందే. నీళ్లు మోసేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, కూరగాయలు పండించేవాళ్లు, కట్టెలు తెచ్చేవాళ్లు, చాకళ్లు, కుమ్మరులు ఊరి బయట ఉంటూ ప్రభుత్వం తరఫున ఊరికి సేవ చేసేవారు.

పని తీరు

పనివాళ్లు ఓడ సిబ్బందిలా కుడి జట్టు, ఎడమ జట్టుగా ఉండేవారు. సమాధిలోనూ కుడి పక్క ఒకరిది, ఎడమ పక్క మరొకరిది. ఒక్కో జట్టుకు ఒక మేస్త్రీ. లెక్కలన్నీ లేఖకుడి చేతిలో ఉండేవి. వీళ్లందరి పైన ఫారో తరవాత అంతటివాడైన మహామంత్రి. సాధారణంగా మొత్తం జట్టులో 40 నుంచి 60 మంది ఉండేవారు. నాలుగవ రామ్సెస్ ఆ సంఖ్యను 120కి పెంచాడు.

వారానికి పది రోజులు. పని రోజుల్లో మగవాళ్లు లోయ పైనున్న కొండ కనుమ దగ్గర రాతి గుడిసెల్లో పడుకుని, సెలవులకు ఇంటికి దిగేవారు. రాగి ఉలులు ప్రభుత్వానివి. వాటిని తూచి ఇచ్చి, మొద్దుబారాక తూచి వెనక్కి తీసుకునేవారు. సొరంగంలో వెలుగుకు వాడిన దీపపు వత్తులకు కూడా లెక్క ఉండేది.

రెండవ రామ్సెస్ 40వ ఏట రాసిన ఒక హాజరు పట్టీ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో 40 మంది పేర్లు, వాళ్లు పనికి రాని రోజులు, కారణాలు ఉన్నాయి. ఒకడికి తేలు కుట్టింది, ఒకడికి కళ్ల జబ్బు. ఒకడు సోదరుడి శవానికి సంస్కారం చేస్తున్నాడు, ఇంకొకడు ఇంట్లో బీరు కాస్తున్నాడు. భార్యకో కూతురికో నెలసరి వచ్చిందన్నది కూడా చెల్లే కారణమే.

బత్తెం, బేరసారాలు

అప్పటికి నాణేలు లేవు. జీతం ధాన్యంగా అందేది. మామూలు పనివాడికి నెలకు నాలుగు ఖార్ల గోధుమ, ఒకటిన్నర ఖారు బార్లీ వచ్చేవి. మేస్త్రీకి కొంత ఎక్కువ. ఖారు అంటే సుమారు 77 లీటర్ల కొలత. గోధుమ రొట్టెకు, బార్లీ బీరుకు. వస్తువుల ధరను దెబెన్ అనే రాగి తూకంలో లెక్కగట్టేవారు. దెబెన్ సుమారు 91 గ్రాములు. రాగి చేతులు మారనక్కర్లేదు. రెండు పక్కలా విలువ సరిపోతే బుట్టలకు చెప్పులు, ధాన్యానికి శవపేటిక ఇచ్చిపుచ్చుకునేవారు. చేతిపని తెలిసినవాళ్లు తీరిక వేళల్లో శవపేటికలు, సామాను తయారుచేసి అమ్ముకునేవారు.

తమ సమాధులను కూడా తామే కట్టుకున్నారు. ఊరి పక్క కొండవాలులో సెన్నెజెమ్ అనే పనివాడి సమాధి 1886లో బయటపడింది. పరలోకంలో సెన్నెజెమ్ దంపతులు పొలం దున్ని పంట కోస్తున్న బొమ్మలు దాని గోడల మీద రంగు చెదరకుండా నిలిచాయి.

ఆస్తి, న్యాయం, దైవం

చిన్న తగాదాలను ఊరి పంచాయతీయే తీర్చేది. మెన్నా అనే పనివాడు కొవ్వు కుండ ఒకటి పోలీసు అధికారికి అరువిచ్చి, ఏళ్ల తరబడి బాకీ కోసం పంచాయతీ చుట్టూ తిరిగాడు. తేలని వివాదాన్ని దేవుడి ముందు పెట్టేవారు. ఊరేగింపులో మొదటి అమెన్‌హోటెప్ విగ్రహం కదిలిన తీరే తీర్పు.

స్త్రీలకు సొంత ఆస్తి ఉండేది. అయిదవ రామ్సెస్ మూడవ ఏట నౌనఖ్తే అనే వృద్ధురాలు పంచాయతీ ముందు వీలునామా చెప్పింది. ఎనిమిది మంది పిల్లలను పెంచానని, ముసలితనంలో తనను చూడని వాళ్లకు తన ఆస్తిలో వాటా లేదని తేల్చేసింది. తండ్రి ఆస్తిలో వాళ్ల వాటాను మాత్రం ఆమె ముట్టుకోలేదు.

ఊరి మీద నిలబడ్డ కొండ శిఖరంలో మెరెత్‌సెగెర్ అనే సర్పదేవత ఉందని నమ్మేవారు. తప్పు చేసినందుకు ఆమె శిక్షించిందనీ, మొక్కుకుంటే కరుణించిందనీ చెక్కించిన ఫలకాలు దొరికాయి.

సమ్మె

మూడవ రామ్సెస్ 29వ ఏట, క్రీ.పూ. 1157 ప్రాంతంలో, బత్తెం ఆలస్యమైంది. జట్టు పనిముట్లు వదిలి కాపలా గోడలు దాటి, మూడవ థుట్మోస్ ఆలయం వెనక బైఠాయించింది. తరవాత రెండవ రామ్సెస్ ఆలయం రామెస్సియం దాకా వెళ్లింది. ఆకలి, దప్పిక తమను ఇక్కడికి తెచ్చాయని, బట్టలు, నూనె, చేపలు, కూరలు లేవని, ఈ మాట ఫారోకూ మహామంత్రికీ రాయమని వాళ్లు అధికారులను అడిగారు. పాత బకాయి ముట్టాక పనిలోకి వెళ్లారు. కొన్నాళ్లకు మళ్లీ ఆపారు. ఒక దశలో, తాము ఆకలి కోసమే రాలేదని, ఫారో పేరున్న ఈ చోట అక్రమాలు జరుగుతున్నాయని ఫిర్యాదు చేశారు. ఇదంతా నమోదైన పపైరస్ ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఉంది. రాతలో దొరికిన సమ్మెల్లో ఇదే మొదటిదని చరిత్రకారులు భావిస్తారు.

క్షీణత

ఖజానా చిక్కిపోయే కొద్దీ సమాధుల దోపిడీ పెరిగింది. తొమ్మిదవ రామ్సెస్ కాలంలో జరిగిన విచారణల్లో ఈ ఊరివాళ్లు కొందరు పట్టుబడ్డారు. పడమటి ఎడారి నుంచి లిబియన్ల దాడుల భయం తోడైంది. చివరి రామ్సెస్ అయిన పదకొండవ రామ్సెస్ కాలంలో జనం ఊరు వదిలి, మెదీనెత్ హాబూ ఆలయ ప్రాకారంలోకి చేరారు. ఈ ఊరి కుటుంబాలకు చెందిన లేఖకుడు బుతెహామున్ దోపిడీకి గురైన రాజుల శవాలను తిరిగి చుట్టించి భద్రపరిచే పనిలో పాల్గొన్నాడు. తరవాత టోలెమీ వంశపు రాజుల కాలంలో ఇక్కడ హాతోర్ దేవతకు ఆలయం కట్టారు. దానిలోనే క్రైస్తవ సన్యాసుల మఠం వెలిసింది. నేటి అరబ్బీ పేరులోని ‘దైర్’ ఆ మఠమే.

తవ్వకాలు

1906లో ఇటలీ పురావస్తువేత్త ఎర్నెస్టో స్కియాపరెల్లి పనుల పర్యవేక్షకుడు ఖా, అతని భార్య మెరిత్‌ల సమాధిని చెక్కుచెదరకుండా కనుగొన్నాడు. మంచాలు, బట్టలు, రొట్టెలతో సహా ఆ సామాను ట్యూరిన్‌లో ఉంది. 1922 నుంచి 1951 దాకా బెర్నార్ బ్రూయేర్ నాయకత్వంలో ఫ్రెంచి పురావస్తు సంస్థ ఊరంతా తవ్వింది. నీరు పడని ఆ పెద్ద గోతిలోంచే సుమారు 5,000 రాత పెంకులు బయటికొచ్చాయి. సున్నపురాతి చిప్పలు, కుండ పెంకుల మీద సిరాతో రాసినవి ఇవి. వీటిని చదివి ప్రచురించడంలో చెక్ పండితుడు యారోస్లావ్ చెర్నీ కృషి ముఖ్యమైనది. 1979లో యునెస్కో థీబ్స్ నగరాన్నీ దాని శ్మశాన వాటికనూ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దైర్ అల్-మదీనా అందులో భాగం.