షుగర్ మిషన్ అంకెకు చరిత్ర ఉంది

కృష్ణలో మూసీ కలిసే వాడపల్లి లాంటి ఊళ్లలో షుగర్ ఉన్నవాళ్లు రోజూ ల్యాబుకు పోలేరు. ఇంట్లో ఉన్న మిషన్ ఎంత చెబితే అంతే. ఒకే పూట ల్యాబులో 150, ఇంట్లో 168 వచ్చిందంటే మాత్రం ‘మిషన్ పాడైంది’ అనేస్తారు. నిజానికి అది పాడైనట్టు కాదు. ఎందుకో తెలియాలంటే ఆ అంకె చరిత్ర చూడాలి.

1908లో అమెరికా రసాయన శాస్త్రవేత్త స్టాన్లీ బెనెడిక్ట్ ఒక నీలి ద్రావణం తయారుచేశాడు. అందులో ఎనిమిది చుక్కల మూత్రం వేసి మరిగిస్తే, చక్కెరను బట్టి ఆకుపచ్చ మొదలు ఇటుకరంగు దాకా మారేది. అయితే రక్తంలో చక్కెర సుమారు 180 దాటితేగాని మూత్రంలోకి దిగదు. షుగర్ పడిపోయినా ఆ పరీక్షలో తెలిసేది కాదు.

1965లో డెక్స్ట్రోస్టిక్స్ అనే రక్తపరీక్ష పట్టీ వచ్చింది. పట్టీ మీద పెద్ద రక్తపు చుక్క వేసి, నిమిషం ఆగి, నీళ్లతో కడిగి, రంగుల పట్టికతో సరిచూసుకోవాలి. చూసే కన్ను మారితే లెక్కా మారేది. ఆ తగువు తీర్చడానికి ఆంటన్ క్లెమెన్స్ 1970 ప్రాంతంలో మీటర్ తయారుచేశాడు. కిలో పైచిలుకు బరువుండే ఆ మీటర్‌ను డాక్టర్లకే అమ్మేవారు. తనకే షుగర్ ఉన్న ఇంజనీరు రిచర్డ్ బెర్న్‌స్టీన్, డాక్టరైన భార్య పేరు మీద దాన్ని తెప్పించుకుని ఇంట్లో వాడాడు. 1987 నాటికి మీటర్ పెన్ను సైజుకు దిగింది.

2013 నాటి ఐఎస్ఓ ప్రమాణం ప్రకారం నూటికి 95 రీడింగులు ల్యాబు విలువకు 15 శాతం అటూఇటూగా ఉండాలి. విలువ 100 లోపైతే 15 పాయింట్లు. అంటే ల్యాబులో 150 ఉన్నప్పుడు మిషన్ 128 చూపినా, 172 చూపినా లెక్కలోనే ఉన్నట్టు.

ఆ హద్దు దాటితే ముందు మన చేతులు చూసుకోవాలి. మామిడిపండు తిని వేళ్లు కడక్కపోతే అంకె ఎగబాకుతుంది. స్ట్రిప్పులు సాధారణంగా 30 డిగ్రీల లోపు ఉంచాల్సినవి. నల్లగొండ ఎండలకు అవి పాడవుతాయి. రక్తహీనత ఉంటే మిషన్ ఎక్కువ చూపవచ్చు. ల్యాబుదీ తిరుగులేని మాటేం కాదు. తీసిన రక్తాన్ని అలాగే వదిలేస్తే కణాలు గంటకు 5 నుంచి 7 శాతం చక్కెరను తినేస్తాయి.

మిషన్ మీద అనుమానముంటే ల్యాబులో రక్తమిచ్చే చోటే, పరగడుపున, అదే నిమిషంలో వేలిచుక్కనూ చూసుకోవాలి. ఒక్క అంకెను పట్టుకుని మాత్ర పెంచొద్దు, మానొద్దు. చెమటలు, వణుకు వస్తుంటే మాత్రం అంకె బాగున్నా నమ్మి కూర్చోకూడదు.