వాసములు మాటలాడిన ఇండ్లు

అన్నము పెట్టిన వారికే కీడు తలపెట్టువానిని గురించి “తిన్న ఇంటి వాసములు లెక్కపెట్టినాడు” అనుట మన వాడుక. కడుపునిండ భోజనము చేసి వెల్లకిల పరుండిన అతిథి, గృహస్థుని మేలు తలచుకొనుటకు మారుగా, పైకి చూచి ఈ ఇల్లు ఎంత చేయునా అని లెక్క కట్టుచున్నాడని దాని భావము. కాని, నాలుగు వందల సంవత్సరములకు పూర్వము స్కాట్లండు దేశములో, వచ్చిన అతిథి తల యెత్తి దూలములను చూడవలెననియే, వానిని ఒక్కొక్కటిగా చదువవలెననియే గృహస్థులు కోరుకొనిన కాలము ఒకటి ఉండినది. ఆ ఇండ్ల కొయ్యకప్పులు వట్టి కప్పులు కావు. అవి ఇంటివారి రుచిని, విద్యను, నమ్మకమును, ఒక్కొక్కప్పుడు హాస్యమును కూడ వెల్లడించు పుటలు.

పైకప్పునకు చిత్రములు వ్రాయించుట మనకు తెలియని సంగతి కాదు. లేపాక్షి వీరభద్రాలయములో విజయనగరపు కాలమున కప్పుపై వ్రాసిన చిత్రములను మెడ నొప్పిపుట్టు వరకు చూచిన వారు మనలో ఎందరో కలరు. అయితే అది దేవాలయము. అచటి కప్పు రాయి. మనము ఇప్పుడు చెప్పుకొనునవి కాపురపు ఇండ్లు. వాని కప్పు కొయ్య. వ్రాయించినవారు ప్రభువులు మాత్రమే కారు; వీధిలో దుకాణములు పెట్టుకొనిన వర్తకులు కూడ. ఇంచుమించు 1550వ సంవత్సరము మొదలు 1650 వరకు, నూరేండ్ల పాటు, ఈ అలవాటు అక్కడ వర్ధిల్లినది. ఈనాటికి నూరింటికి పైగా కట్టడములలో దాని ఆనవాళ్ళు తెలియవచ్చినవి.

ఆ ఇండ్ల నిర్మాణము తెలిసిననే ఈ కళ తెలియును. గోడలు మిక్కిలి దళసరి రాతిగోడలు. కిటికీలు చిన్నవి. ఒక గోడ నుండి మరియొక గోడకు దూలములు వేసి, వానిపై పలకలు పరచెడివారు. ఆ పలకల పైభాగమే మీది అంతస్తునకు నేల. అడుగుభాగమే క్రింది గదికి కప్పు. నడుమ వేరొక తొడుగు లేదు. మన పాత మేడలలోను, అటకల క్రిందను నిలిచి పైకి చూచినచో కనబడునది ఇంచుమించు ఇదియే. స్కాట్లండు చిత్రకారులు ఈ పలకల అడుగుభాగమును, దూలముల మూడు ముఖములను తమ చిత్రఫలకముగా గ్రహించినారు. వారికి వేరే చట్రము అక్కరలేకపోయినది. వడ్రంగి కట్టినదే చట్రము.

ఆ కొయ్య చాలవరకు సముద్రము దాటి వచ్చినది. ఆనాటికి స్కాట్లండులో పెద్ద మ్రాకుల అడవులు తరిగిపోయినవి. ఎదుటి తీరమున నార్వే దేశమునందు దేవదారు జాతి వృక్షములు సమృద్ధిగా ఉన్నవి. అచ్చటి నుండి ఓడలు కలపతో వచ్చి స్కాట్లండు రేవులలో దించెడివి. ఇటీవలి కాలమున శాస్త్రజ్ఞులు దూలములలోని వలయములను, అనగా చెట్టు ఏడాదికొకటిగా వేసికొను గీతలను, లెక్కించి నార్వే చెట్ల వలయములతో పోల్చి చూచి, ఈ సంగతిని ధ్రువపరచినారు. వాసములు లెక్కపెట్టుటకు ఇంతకంటె మంచి ప్రయోజనము లేదేమో!

రంగుల తయారీ మన పల్లెల పనివారికి చిరపరిచితమైన పద్ధతియే. మెత్తగా నూరిన సుద్ద, పశుచర్మములను కాచి తీసిన జిగురు, పచ్చమన్ను, ఎఱ్ఱమన్ను, మసి—ఇవి ముఖ్యద్రవ్యములు. నూనె లేదు, మెరుగు లేదు, ఖర్చు స్వల్పము. మొదట పలుచని సుద్దపూత, ఆపైన రంగులు, చివరకు నల్లని దళసరి గీతతో రూపమునకు అంచు. మన చేర్యాల నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డపై సుద్దమట్టిని, చింతగింజల అంబలిని, జిగురును కలిపి పూసి, ఆపైన కథలు వ్రాయుట ఎరిగినవారికి ఈ పద్ధతి వింతగా తోచదు. వేలమైళ్ళ దూరమున, ఒకరి ముఖము ఒకరు చూడని పనివారు, చేతికందిన మట్టితోను జిగురుతోను ఒకే ఉపాయమును కనుగొనినారు.

ఈ కళ ఆ కాలముననే విజృంభించుటకు కారణములు లేకపోలేదు. 1560లో స్కాట్లండులో మతసంస్కరణము జయించినది. చర్చిలలో చిత్రములు, ప్రతిమలు కూడదన్న నియమము వచ్చినది. అంతవరకు దేవుని ఇంటిని అలంకరించిన చిత్రకారునకు ఇక మనుష్యుని ఇల్లే ఆధారమైనది. అదే కాలమున అచ్చుపుస్తకములు దేశదేశములకు వ్యాపించినవి. వానిలోని బొమ్మలను చూచి చిత్రకారుడు పలకలపై పెంచి వ్రాసెడివాడు. పుస్తకము ఇంటిలోనికి వచ్చినది; ఇంటి కప్పుపైకి ఎక్కినది.

ఎడింబరో నగరపు నడివీధిలో గ్లాడ్‌స్టన్స్ లాండ్ అను ఆరంతస్తుల ఇల్లు కలదు. స్కాట్లండు పట్టణములలో లాండ్ అనగా పలు కుటుంబములు కాపురముండు ఎత్తైన మేడ. థామస్ గ్లాడ్‌స్టేన్స్ అను వర్తకుడు, ఆయన భార్య బెస్సీ కన్నింగ్‌హామ్ 1617లో దీనిని కొని, పెంచి, కొన్ని భాగములను అద్దెల కిచ్చినారు. ఈ ఇంటిలోని కప్పుపై 1620వ సంవత్సరము వ్రాసియున్నది. దూలముల మీదను, పలకల మీదను పూవులు, పండ్లు, తీగలు. సంవత్సరములో చాల నెలలు చలి, మసక వెలుతురు గల ఊరిలో, ఆ గృహస్థుడు తన తలపై ఎన్నడును వాడని తోటను నాటించుకొనినాడు.

ఫోర్తు అను సాగరశాఖ ఒడ్డున కూరాస్ అను చిన్న ఊరు ఉన్నది. అక్కడ జార్జి బ్రూస్ అనునతడు సముద్రగర్భము క్రిందికి సొరంగము త్రవ్వించి బొగ్గు తీయించినాడు. ఆ బొగ్గుతో ఉప్పునీరు కాచించి ఉప్పు అమ్మినాడు. 1597లోను, 1611లోను ఆయన కట్టించిన ఇంటిలో, కమానువలె వంగిన కొయ్యకప్పు గల గది ఒకటి ఉన్నది. జెఫ్రీ విట్నీ 1586లో ప్రకటించిన నీతిచిత్రముల పుస్తకము నుండి ఎన్నుకొనిన 16 బొమ్మలను, వాని సూక్తులతో కూడ, ఆ కప్పుపై వ్రాయించినాడు. మధురగానముతో నావికులను మృత్యువువైపు లాగు జలకన్యలు, వారిని దాటిపోవు యులిసీసు ఓడ, ఆ చిత్రములలో నొకటి. ఓడలపై సరకు పంపి లాభనష్టములకు ఎదురుచూచు వ్యాపారికి ఇంతకంటె తగిన హెచ్చరిక ఏమున్నది? మనవారు చిన్నపిల్లలకు సుమతీ శతకమును నేర్పినట్లు, ఆయన తన ఇంటి కప్పునకు నీతిశతకము నేర్పించినాడు.

ఈశాన్యమున అబెర్డీనుకు సమీపమున ఉన్న క్రాథెస్ కోటలో బర్నెట్ వంశమువారి గదులు మరియొక విధముగా మాటలాడుచున్నవి. ఒక గదిలో 1599 నాటి కళాదేవతలు. మరియొక గదిలో 1602 నాటి నవవీరులు: హెక్టరు, అలెగ్జాండరు, జూలియస్ సీజరు, జాషువా, డేవిడు, జూడాస్ మక్కబీ, ఆర్థరు, షార్లమేను, గాడ్‌ఫ్రీ. ముగ్గురు ప్రాచీనులు, ముగ్గురు యూదులు, ముగ్గురు క్రైస్తవులు. వీరులకు తోడు దూలముల ప్రక్కలను వ్రాతలు. తల యెత్తి నాలుగడుగులు నడచినచో ఆ గదిలో చరిత్రపాఠము ఒకటి పూర్తియగును.

అన్నియు నీతులే అనుకొనరాదు. ప్రెస్టన్‌గ్రేంజి అనుచోట 1581వ సంవత్సరము వేసిన కప్పు ఒకటి బయటపడినది. దానిపై 1565లో ఫ్రాన్సులో అచ్చయిన హాస్యచిత్రముల పుస్తకము నుండి దించిన విచిత్రాకారములు ఉన్నవి. కొన్ని నవ్వు పుట్టించును. కొన్ని పెద్దల యెదుట చూపదగినవి కావు. ఇంటిలో గంభీరమునకు ఒక గది, నవ్వునకు ఒక గది కావలెనని ఆనాటివారు ఎరుగుదురు.

ఇంత మక్కువతో వ్రాయించుకొనిన చిత్రములు ఏమైనవి? రుచి మారినది. 17వ శతాబ్దిలో గచ్చుతో లతలు, పూవులు ఉబ్బెత్తుగా పోతపోసిన తెల్లని కప్పులు గొప్పయిండ్లలోనికి వచ్చినవి. తెలుపు నాగరకమైనది, రంగు మోటైనది. మనుమల కాలమునకు తాతల తోటలు, వీరులు, జలకన్యలు పాతవాసన కొట్టినారు. దూలముల అడుగున సన్నని కొయ్యబద్దలను మేకులతో దిగగొట్టి, వానిపై సున్నపుగచ్చు మెత్తి, అంతయు మూసివేసినారు. ఆ మేకులు దిగిన గుంటలు కొన్ని చిత్రములపై నేటికిని మచ్చలుగా ఉన్నవి.

ఇక్కడనే ఈ చరిత్రలోని అసలు విచిత్రమున్నది. చిత్రములను దాచివేసిన గచ్చే వానిని బ్రదికించినది. జిగురురంగు నీటికి కరుగును, తుడిచినచో పోవును, పొగ తగిలి నల్లనగును. మూతపడిన చిత్రమునకు పొగ లేదు, ఎండ లేదు, శుభ్రము చేయ నుత్సహించు చేయి లేదు. మూయక నిలిపినవానిలో పెక్కింటికి మరల పూతలు పడినవి, లేక ఇంటితోపాటు కూలిపోయినవి. అవమానింపబడినవి మిగిలినవి. క్రాథెస్ చిత్రములు 1877లో తిరిగి వెలుగు చూచినవి. ఎడింబరోలోని గ్లాడ్‌స్టన్స్ లాండు 1934 నాటికి పాడుబడి, కూల్చివేతకు సిద్ధమైనది. నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ అను సంస్థ దానిని చేపట్టి బాగుచేయించునప్పుడు, తరువాతి కాలపు కప్పుల మరుగున 1620 నాటి తోట కనబడినది. కూరాస్ ఇంటిని ఆ సంస్థయే 1932లో కొనియుండినది. ప్రెస్టన్‌గ్రేంజి కప్పు 1962లో బయటపడి, ఎడింబరోలోని మర్చిస్టన్ బురుజునకు చేరినది. 1966లో ఆప్టెడ్ అను పండితుడు ఈ కప్పులన్నిటిని గురించి గ్రంథము వ్రాసినాడు.

ఆ 1934లో, “పాతకొంప, పడగొట్టుడు” అన్నవారి మాట నెగ్గియున్నచో, గచ్చు వెనుక ఏమున్నదో ఎవరికిని తెలియకయే ఆ దూలములు వంటచెరకు అయియుండెడివి. చూడక పోగొట్టుకొనిన వస్తువునకు దుఃఖించువారు కూడ ఉండరు. అందువలననే అట్టి నష్టము అన్నిటికంటె పెద్దది.

మన యెడల ఈ మాట ఎంత వర్తించునో వేరుగా చెప్పనక్కరలేదు. కొండపల్లిలో పొణికికొయ్యకు ప్రాణముపోసి రంగులు దిద్దిన చేతులు మనవి. చెక్కుడుపని గల ద్వారబంధములు, టేకు స్తంభములు, దూలములు గల మండువా లోగిళ్ళు మన పల్లెలలో ఎన్నో లేచినవి, ఎన్నో పడిపోయినవి. పంపకములలో ఇల్లు విడిపోవును. స్తంభములు ఒకరికి, దూలములు మరొకరికి. మిగిలినది కలప అడితికి. అమ్మువారి అవసరము నిజమైనదే. వారిని నిందించుట న్యాయము కాదు. కాని విప్పుటకు ముందు ఒక్కసారి దీపము పట్టి పైకి చూచుటకు ఖర్చు లేదు. సున్నపు పొరల క్రింద గీత యేదైన కనబడినచో గోకుట, ఉప్పుకాగితముతో రుద్దుట, తడిగుడ్డతో తుడుచుట మానవలెను. ఛాయాచిత్రము తీసి, తెలిసినవారికి చూపుట ఉత్తమము.

క్రొత్తగా తమ ఇంటి కొయ్యకప్పునకు రంగులు వేయించదలచిన వారికి కూడ ఆ పనివారు కొన్ని మెలకువలు విడిచిపోయినారు. చిత్రము కంటికి దూరమున ఉండును గనుక సన్నని పనితనము వృథా. దళసరి గీత, సమమైన రంగు చాలును. దూలమునకు పొడవుగా ప్రాకు తీగ అందము. పలకకు విడివిడి బొమ్మ అందము. కొయ్య ఎట్లున్నదో చిత్రము అట్లే నడువవలెను. మెరుగురంగు కిటికీ వెలుతురును అద్దమువలె త్రిప్పికొట్టి బొమ్మను చూడనీయదు. మెరుగులేని రంగు కన్నులకు హాయి. మన వానలకు జిగురురంగు ఒక్క కారుపును కూడ సహింపదు; కావున మొదట పైకప్పు పెంకులను, డాబాను సరిచేయించి, తరువాతనే చిత్రకారుని పిలువవలెను. ఒక విడి పలకపై వేయించి, కొన్నాళ్ళు చూచి, ఆపైన గదికి పూనుకొనుట మేలు.

అన్నిటికంటె ముఖ్యము, ఏమి వ్రాయించవలెననునది. ఉప్పువ్యాపారి తన కప్పున ఓడను వ్రాయించినాడు; నగరవర్తకుడు తోటను వ్రాయించినాడు. ఇతరుల ఇంట చూచినది కాక, తమ బ్రతుకునకు దగ్గరిది వారు ఎన్నుకొనినారు. అందుచేతనే నాలుగు వందల ఏండ్ల తరువాత ఆ గదిలో అడుగుపెట్టిన పరదేశికి కూడ, ఆ ఇంటివారు ఎదురువచ్చి పలుకరించినట్లుండును. రేపు మన గదిలో పరుండి పైకి చూచు మనుమడు వాసములు లెక్కపెట్టిన లెక్కపెట్టును గాక. ఆ లెక్కలో మనము కూడ వానికి కనబడినచో అంతియే చాలును.