బరువుల సాధన: మల్లశాల నుంచి వైద్యశాలకు

మోయగలిగినంత బరువుతో మొదలుపెట్టి, బలం పుంజుకునేకొద్దీ బరువునూ పెంచుకుంటూ పోవడం మల్లయోధులకు ప్రాచీనకాలం నుంచీ తెలిసిన సాధనే. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దపు గ్రీకు మల్లుడు మైలో, దూడను మోయడం అలవాటు చేసుకుని అది పెరిగి పెద్దదయ్యాక కూడా మోయగలిగాడన్న గాథ ఆ సాధన ఎంత పాతదో చెబుతుంది. అయితే కండ ఎలా పెరుగుతుందన్న ప్రశ్నకు ప్రయోగపూర్వకమైన సమాధానం 19వ శతాబ్దం చివరిదాకా దొరకలేదు.

ఎముకలను అంటిపెట్టుకుని మన ఇచ్ఛ మేరకు కదిలే అస్థికండరం సన్నని పొడవాటి తంతువుల సముదాయం కాగా, ఒక్కొక్క తంతువూ అనేక కేంద్రకాలు గల ఒకే కణం. ఇటలీ శాస్త్రవేత్త బెనెడెట్టో మోర్పుర్గో కుక్కల తొడకండరాన్ని ఒక పక్క ముందే తొలగించి, వాటిచేత పరుగు సాధన చేయించిన తరువాత రెండో పక్క కండరంతో పోల్చి చూసి, పెరిగింది తంతువుల సంఖ్య కాదనీ, వాటి మందమేననీ 1897లో ప్రకటించాడు. తంతువును అంటిపెట్టుకుని ఉండే ఉపగ్రహ కణాలను 1961లో అలెగ్జాండర్ మౌరో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో గుర్తించగా, అవి విభజన చెంది, తంతువులో కలిసిపోయి, దానికి కొత్త కేంద్రకాలను అందిస్తాయని తరువాతి పరిశోధకులు తేల్చారు. సాధన వల్ల తంతువు లావెక్కడమంటే, కండ ముడుచుకోవడానికి కారణమైన యాక్టిన్, మయోసిన్ అనే మాంసకృత్తులు అరిగేదానికన్నా ఎక్కువగా తయారై అందులో పేరుకోవడమే.

ఈ సాధనను వైద్యంలోకి తెచ్చిన ఘనత అమెరికా సైనిక వైద్యుడు థామస్ డెలోర్మ్‌ది. రెండో ప్రపంచయుద్ధంలో మోకాళ్లు దెబ్బతిన్న సైనికులకు తేలికపాటి వ్యాయామాన్ని పదేపదే చేయించడమే ఆనాటి పద్ధతి కాగా, షికాగోలోని గార్డినర్ సైనిక ఆసుపత్రిలో ఆయన బరువు పెంచి, సార్లు తగ్గించి చేయించి, ఫలితాలను 1945లో ప్రచురించాడు. 1948లో ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి ఆయన రూపొందించిన క్రమంలో, వరుసగా పదిసార్లు మాత్రమే ఎత్తగల గరిష్ఠ బరువును కొలతగా తీసుకుని, దానిలో సగంతో, ముప్పాతికతో, ఆపై మొత్తంతో మూడు విడతలు చేయిస్తారు. నేటి వ్యాయామశాలల్లో సెట్ల లెక్కకు ఈ క్రమం ఒక ముఖ్యమైన పునాది.

కండ పెరగకముందే బలం ఎందుకు పెరుగుతుందన్న సందేహాన్ని 1979లో మోరిటాని, డివ్రీస్‌ల పరిశోధన తీర్చింది: తొలి వారాల్లో నాడీవ్యవస్థ కండను మరింత సమర్థంగా పనిచేయిస్తుంది, కండ లావెక్కడం ఆ తరువాతి మాట. 1990లో బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ బృందం, తొంభై ఏళ్ల వయసులో ఉన్న బలహీనులైన వృద్ధుల చేత 8 వారాలు బరువులు ఎత్తించి, వారి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగిందని నమోదు చేసింది. బలాన్ని సంతరించుకునే గుణం కండను ముదిమిలోనూ విడిచిపోదని రుజువైంది కనుక, తగిన పర్యవేక్షణలో సాగే బరువుల సాధనను యువకుల వ్యాపకంగా కాక, వృద్ధుల ఆరోగ్యసంరక్షణలో భాగంగా పరిగణించడమే న్యాయం.