రేవులో ‘9వ నంబరు’ ఎగరేశారంటే అర్థమేంటి? లోపల కట్టిన బోట్లకు భద్రత ఉంటుందా?

తుఫాను వచ్చిన ప్రతిసారీ మీ ఫోన్‌లో ఈ వార్త కనిపిస్తుంది: ‘మత్స్యకారులు వేటకు వెళ్లరాదు. రేవుల్లో ప్రమాద హెచ్చరిక జారీ’. బోట్లన్నీ ఒడ్డుకు చేరితే ఇక భయం లేదని మనం అనుకుంటాం. సముద్రంలో ఎవరూ లేకపోవడం మంచిదే. కానీ బోట్లకు రేవు పూర్తి రక్షణ కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు ఫిషింగ్ హార్బర్‌లో కట్టి ఉంచిన బోట్లు కూడా దెబ్బతిన్నాయి, కొన్ని మునిగిపోయాయి.

ఆ నంబర్లు ఏం చెబుతాయి?

మొత్తం 11 నంబర్లున్నాయి. పగలు స్తంభంపై గుర్తులతో, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలతో వీటిని చూపిస్తారు.

• 1, 2: వాయుగుండం లేదా తుఫాను దూరంగా సముద్రంలో ఉంది. రేవుకు ఇప్పుడే ముప్పు లేదు. 2 ఉంటే రేవు దాటి వెళ్లే ఓడలు జాగ్రత్తపడాలి.
• 3, 4: 3 అంటే రేవు వద్ద ఈదురుగాలుల ముప్పు. 4 అంటే సముద్రంలోని తుఫాను తర్వాత రేవును తాకవచ్చు.
• 5, 6, 7: తుఫాను తీరం దాటబోతోంది. రేవు దాని ఎడమవైపు ఉంటే 5, కుడివైపు ఉంటే 6, రేవు మీదుగా లేదా దగ్గరగా దాటితే 7.
• 8, 9, 10: ఇదే వరుస, కానీ తీవ్ర తుఫానుకు.
• 11: హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి.

అంటే 8 కంటే 9 పెద్ద తుఫాను అని కాదు. మారింది రేవు ఏ పక్కన ఉందన్నదే.

ఏ పక్కన ఉంటే ఏమవుతుంది?

మన దగ్గర తుఫాను గాలి గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. తుఫాను కదిలే దిశకు కుడివైపున గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది. మన తీరంలో అది సాధారణంగా ఉత్తరపు పక్క. ఎడమవైపున గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి వీస్తుంది. 1977 నవంబర్ 19న తుఫాను చీరాల వైపు తీరం దాటితే, ఉప్పెన ముంచింది దానికి కుడివైపున్న దివిసీమను.

అమెరికాలో హరికేన్ అన్నా ఇదే జాతి తుఫాను. 2022 సెప్టెంబర్ 28న ఇయాన్ హరికేన్ ఫ్లోరిడాలో తీరం దాటింది. కుడివైపున్న ఫోర్ట్ మయర్స్ బీచ్‌లో రొయ్యల వేట పడవలు రేవు నుంచి లేచి ఒడ్డున ఒకదానిపై ఒకటి పడ్డాయి.

కట్టిన బోటు ఎలా పాడవుతుంది?

గాలి కంటే నీటి మట్టం పెరగడమే పెద్ద సమస్య. మోకు బిగించి కడితే, నీరు లేచినప్పుడు అది తెగుతుంది లేదా బోటును ఒక పక్కకు లాగేస్తుంది. వదులుగా కడితే బోటు జెట్టీకి, పక్క బోట్లకు గుద్దుకుంటుంది. కిక్కిరిసిన హార్బర్‌లో ఒక మోకు తెగినా ఆ బోటు వరుసలోని మిగతావాటి మీద పడుతుంది. వాన నీరు తోడకపోతే కట్టిన చోటే మునిగిపోతుంది.

విహార పడవలు నిలిపే మెరీనాల్లో నీటితోపాటు లేచే జెట్టీలుంటాయి. వాటిని పట్టి ఉంచే స్తంభాల కంటే నీరు ఎత్తుకు లేస్తే, జెట్టీయే బోట్లతో సహా కొట్టుకుపోతుంది.

అందుకే మన మత్స్యకారులు చిన్న ఫైబర్ బోట్లను ఒడ్డు పైకి లాగేస్తారు. పెద్ద మరపడవలను వీలుంటే ఉప్పుటేర్లలోకి తరలిస్తారు. దీనికంతా గంటల సమయం కావాలి. గాలి మొదలయ్యాక బోటు కోసం మళ్లీ రేవుకు వెళ్లడమే ప్రాణాంతకం.

బోటు పోతే సాయం ఎంత?

2022-26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన విపత్తు సాయం నిబంధనల్లో పూర్తిగా పాడైన బోటుకు రూ.15 వేలు. మరపడవ ధర లక్షల్లో ఉంటుంది. తుఫాను వస్తున్నా కొందరు బోటును వదలలేకపోవడానికి ఈ తేడా ఒక కారణం.

మీరు ఏం చూడాలి?

ఈసారి హెచ్చరిక వస్తే నంబరుతో ఆగిపోకండి. తీరం ఎక్కడ దాటుతుంది, మీ ఊరు దానికి ఏ పక్కన ఉంది, ఉప్పెన ఎన్ని మీటర్లు, ఆ సమయంలో సముద్రం పోటు మీద ఉందా అన్నది వాతావరణ శాఖ బులెటిన్‌లో చూడండి. తీరంలో మీ వాళ్లుంటే ఆ నాలుగు వివరాలూ ఫోన్ చేసి చెప్పండి. సముద్రంలో ఎవరైనా చిక్కుకుంటే కోస్ట్‌గార్డ్ నంబరు 1554. ఒడ్డున సాయానికి 1070 లేదా 112.