రెండు కంప్యూటర్లు, ఒకే నోట్సు: ప్రతుల సమన్వయం వెనుక చరిత్ర



ఈసారి వ్యాకరణం జోలికి గాని, పాఠ్యపుస్తకాల జోలికి గాని పోవడం లేదు. మనం కంప్యూటరులో వ్రాసి పెట్టుకొనే పాఠాల నోట్సు రెండు యంత్రాలలో ఒకే విధంగా ఉండేటట్లు చూసుకోవడానికి, అది పోకుండా కాపాడుకోవడానికి మనుషులు పడిన పాట్లకు ఒక చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర తెలియక నేను ఒకసారి నష్టపోయాను. ముందు ఆ సంగతి విన్నవించుకొని తరువాత అసలు విషయానికి వస్తాను.

2004వ సంవత్సరం. బడిలో ఒక కంప్యూటరు, ఇంట్లో సెకండ్ హ్యాండులో కొన్న మరొకటి. రెండింటికీ నడుమ వారధి 1.44 మెగాబైట్ల ఫ్లాపీ ఒకటి. అప్పట్లో మా హోసూరు చుట్టుపక్కల పల్లెలలో పెద్దవాళ్ల నోట వినబడే తెలుగు మాటలు, పొడుపుకథలు, కపిల తోలేటప్పుడు పాడుకొన్న పాటల ముక్కలు సేకరించి, వరుస సంఖ్యలు వేసి ఒక ఫైలులో ఎక్కిస్తూ ఉండేవాణ్ణి. వాటి నుంచే పిల్లలకు అభ్యాసాలు తయారు చేసేవాణ్ణి. ఇంట్లో అవ్వ పలికే మాట నల్లబల్ల మీద కనబడితే తరగతి ఎలా లేచి కూర్చుంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఒక విద్యార్థిని అవ్వ నాకు పెద్ద నిధి. ఆమె చెప్పినవన్నీ రెండు నెలలపాటు బడి కంప్యూటరులోనే టైపు చేశాను.

ఆ కంప్యూటరు లోపల గడియారాన్ని నడిపే చిన్న బిళ్ల బ్యాటరీ చచ్చిపోయింది. ప్రతి ఉదయం అది 2002 జనవరి 1 అంటూ లేచేది. తేదీ తప్పని నాకు తెలుసు. ఆ తప్పు తేదీయే నా ఫైలు మీద కూడా పడుతున్నదని మాత్రం తోచలేదు. ఒకనాటి సాయంత్రం ఫ్లాపీ ఇంటికి తెచ్చి పెట్టాను. ఈ పేరుతో ఒక ఫైలు ఇప్పటికే ఉన్నది, దాని స్థానంలో దీనిని ఉంచమంటారా అని తెర అడిగింది; రెండింటి తేదీలూ చూపించింది. ఇంట్లోది 2004 జూన్, ఫ్లాపీలోది 2002 జనవరి. అయ్యో, ఫ్లాపీలో ఉన్నది పాతదేనే అనుకొని, వద్దని చెప్పి, బుద్ధిమంతుడిలాగా ఇంట్లోదానినే ఫ్లాపీలోకి ఎక్కించాను. మరునాడు బడికి వెళ్లి దానిని అక్కడి ఫైలు మీద కూడా దింపాను. మూడు చోట్లా ఒకే ప్రతి, అక్షరం పొల్లు పోకుండా! రెండు నెలల పని మాత్రం మూడు చోట్లా లేదు. ఆ అవ్వ ఆ చలికాలంలోనే కాలం చేసింది.

గడియారాన్ని నమ్మవద్దని ఒక పెద్దమనిషి నేను ఉద్యోగంలో చేరడానికి ఎంతో ముందే వ్రాసి పెట్టాడు. ఆయన లెస్లీ లాంపోర్ట్ అనే అమెరికా కంప్యూటరు శాస్త్రజ్ఞుడు. వేరువేరు యంత్రాలలో జరిగే పనులలో ఏది ముందు, ఏది వెనుక అనే ప్రశ్న మీద ఆయన 1978లో ప్రకటించిన వ్యాసం ఈ రంగంలో మూలస్తంభం వంటిది. దాని సారం మనకు అర్థమయ్యేదే. మీ ఉత్తరానికి నేను జవాబు వ్రాశాననుకోండి. మీ ఇంటి గడియారం, మా ఇంటి గడియారం ఏమి చెప్పినా సరే, జవాబు ఉత్తరం తరువాతనే పుట్టింది. కాబట్టి వరుస తెలియాలంటే, దేనిని చూసి ఏది వచ్చిందో గుర్తు పెట్టుకోవాలి. రెండు గడియారాలను పోల్చడం సరిపోదు.

ఈ ఆలోచన మామూలు ఆఫీసుల దాకా రావడానికి పదేళ్లకు పైగా పట్టింది. 1989లో లోటస్ నోట్స్ అనే సాఫ్ట్‌వేరు వెలువడింది. రే ఓజీ నాయకత్వంలో తయారైన ఆ సాధనంలో ఒకే దస్త్రాల సంచయం అనేక కంప్యూటర్లలో ప్రతులుగా ఉండేది. ప్రతి పత్రానికీ ఒక గుర్తింపు సంఖ్య, ఎన్నిసార్లు సవరించారో లెక్క. ఒకే పత్రాన్ని రెండు చోట్ల ఇద్దరు మారిస్తే అది ఒకరి మాటను చెరిపివేసేది కాదు. రెండవదానిని కూడా పక్కన నిలిపి, ఇక్కడ తగవు ఉన్నదని చూపేది. తగవును చూపడమే దాని గొప్పతనం. నా ఫ్లాపీకి ఆ మర్యాద లేదు.

1995లో విండోస్ 95తో పాటు బ్రీఫ్‌కేస్ అనేది వచ్చింది. ఇల్లు, ఆఫీసు, రెండు కంప్యూటర్లు, నడుమ ఫ్లాపీ: అచ్చంగా నావంటి వాడి కోసమే చేసినది. ఫైళ్లను దానిలో వేసి తీసుకొనిపోతే, తిరిగి వచ్చాక ఏది మారిందో చూసి సరిచేసేది. మా ఇంటి విండోస్ 98 తెర మీద ఆ తోలుపెట్టె బొమ్మ రోజూ కనబడేది. ఏమిటో అలంకారానికి పెట్టారనుకొని ఒక్కనాడూ తెరవలేదు! విండోస్ 10 కాలానికి దానిని తీసివేశారు. 1996లో వచ్చిన పామ్ పైలట్ అనే అరచేతి యంత్రం ఇదే పనిని ఒక్క మీట నొక్కితే జరిగేటట్లు చేసింది. ఇది మన బడుల దాకా రాలేదు గనుక దానిని అంతటితో వదిలేస్తాను.

అదే 1996లో ఆస్ట్రేలియాలో జరిగిన పని మాత్రం తీరికగా చెప్పుకోదగినది. అక్కడ ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరస్ అనే ఇద్దరు ఆర్‌సింక్ అనే పరికరాన్ని విడుదల చేశారు. టెలిఫోను తీగ మీద డేటా నత్తనడక నడిచే రోజులు. పెద్ద ఫైలులో నాలుగు మాటలు మార్చినా మొత్తం ఫైలును మళ్లీ పంపవలసి వచ్చేది. వారి ఉపాయం ఇట్లా ఊహించండి. మీ వద్ద, నా వద్ద ఒకే వాచకం ఉన్నది. మీరు కొన్ని పుటలు సవరించారు. ఫోనులో పుస్తకమంతా చదివి వినిపించడానికి డబ్బు చాలదు. అందుచేత నేను ప్రతి పుటకూ అక్షరాలతో ఒక లెక్క కట్టి, ఆ అంకె మాత్రమే మీకు చెబుతాను. మీ పుటలకు మీరు లెక్క కట్టుకొంటారు. అంకె కుదిరిన పుటలు నా వద్ద ఉన్నట్టే. కుదరని పుటలు మాత్రమే మీరు చదివి వినిపిస్తారు. నడుమ ఒక వాక్యం చేర్చినందువల్ల పుటలన్నీ కిందికి జరిగితే ఎట్లా అంటారా? అందుకు కూడా వారు దారి చూశారు: ఆ లెక్కను అక్షరం అక్షరం జరుపుకొంటూ పోయి, సరిపోయే చోటును వెతికి పట్టుకొంటారు. ట్రిడ్జెల్ 1999లో సమర్పించిన డాక్టరేటు సిద్ధాంత వ్యాసంలో ఇది ఒక ముఖ్య భాగం.

అయితే ఆర్‌సింక్ ఒకవైపు బండి. ఇది అసలు, అది నకలు అని మనమే చెప్పాలి. రెండు వైపులా వ్రాసే నావంటి వాడికి వేరే బుద్ధి కావాలి. 1990ల చివర పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో బెంజమిన్ పియర్స్ బృందం తయారు చేసిన యూనిసన్‌లో అది కనిపిస్తుంది. ఈ వ్యాసం మొత్తంలో ఒక్క విషయం గుర్తుంచుకోమని అడిగితే నేను దీనినే చూపుతాను. యూనిసన్ రెండు ప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి ఊరుకోదు. కిందటిసారి అవి రెండూ ఏకమైన నాటి స్థితిని జ్ఞాపకం పెట్టుకొంటుంది. ఆనాటి నుంచి ఇల్లు మారిందా, బడి మారిందా అని వేరువేరుగా చూస్తుంది. ఒకటే మారితే ఆ మార్పును రెండవదానికి పంపుతుంది. రెండూ మారితే తాను తీర్పు చెప్పక, మనల్ని అడుగుతుంది. కిందటి ఏకీభావం గుర్తుంటే చాలు, గడియారం ఏ సంవత్సరం చూపినా ఇబ్బంది లేదు.

ఆ జ్ఞాపకం లేకపోతే ఏమవుతుందో తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి ఉన్నది. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వేమన పద్యాల కోసం ఊరూరి నుంచి వ్రాతప్రతులు తెప్పించాడు. ఏ రెండూ ఒకటిగా లేవు. ఒక దానిలో ఉన్న పద్యం మరొకదానిలో లేదు. ఉన్నచోట పాఠం వేరు. అవన్నీ ఏ మూలం నుంచి విడిపోయాయో, ఆ మూలం ఎవరి వద్దా లేదు. ఏది లేఖకుడి పొరపాటు, ఏది చేర్పు, ఏది అసలు మాట అని తేల్చడానికి ఆయన తన బంగళాలో జీతాలిచ్చి పండితులను నియమించి, ప్రతులన్నీ ఎదురెదురుగా పెట్టించి శుద్ధప్రతులు వ్రాయించవలసి వచ్చింది. ఆయన వేమన సంకలనం 1829లో అచ్చయింది. యూనిసన్ క్షణంలో చెప్పగలిగిన సమాధానానికి అక్కడ పండితులకు ఏండ్లు పట్టింది. పండితులు తక్కువవారై కాదు. ఏకమైన నాటి ప్రతి పోయింది కనుక.

2008లో డ్రాప్‌బాక్స్ అందరికీ అందుబాటులోకి వచ్చాక ఈ పని తెర వెనుకకు పోయింది. ఫోల్డరులో వేస్తే చాలు, రెండవ కంప్యూటరులో కనబడుతుంది. తగవు వస్తే రెండవ ప్రతిని వేరే పేరుతో పక్కన పెడుతుంది. ఇంత సుఖం వచ్చాక మన మిత్రులు చాలామంది ఇక బ్యాకప్ ఎందుకు అంటున్నారు. అక్కడే జాగ్రత్త అవసరం. సమన్వయం వేరు, బ్యాకప్ వేరు. రెండు ప్రతులను ఒకటి చేసే యంత్రం మీ పొరపాటును కూడా అంతే నమ్మకంగా రెండవ చోటికి మోసుకొనిపోతుంది. ఇక్కడ పాఠాన్ని చెరిపితే అక్కడ కూడా చెరిగిపోతుంది. నేను 2004లో చేతితో చేసిన పనిని అది సెకనులో చేస్తుంది. కొన్ని సేవలు చెరిపినవాటిని కొంతకాలం దాచి ఉంచుతాయి; ఆ గడువు ఎంతో ముందే తెలుసుకొని ఉండండి.

బ్యాకప్ ఉన్నదనుకోవడం కూడా చాలదు. పిల్లలు చూసే టాయ్ స్టోరీ 2 సినిమా తయారవుతుండగా, 1998లో పిక్సార్ సంస్థలో ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక ఆజ్ఞతో ఆ సినిమా ఫైళ్లు వరుసగా చెరిగిపోసాగాయి. బ్యాకప్ తీసి చూస్తే అది కొంతకాలంగా సరిగా పనిచేయడం లేదని అప్పుడు బయటపడింది. గేలిన్ సుస్మన్ అనే సాంకేతిక దర్శకురాలు పసిబిడ్డతో ఇంటి నుంచి పని చేస్తూ ఉండడం వల్ల ఆమె ఇంటి కంప్యూటరులో ఒక ప్రతి ఉన్నది. ఆ యంత్రాన్ని జాగ్రత్తగా కారులో తెచ్చి సినిమాను నిలబెట్టుకొన్నారు. (తరువాత కథ నచ్చక చాలా భాగం మళ్లీ తీశారు, అది వేరే సంగతి.) అంత పెద్ద సంస్థను ఆదుకొన్నది ఒక తల్లి ఇంట్లో ఉన్న రెండవ కంప్యూటరు.

ఆ తరువాతి దశాబ్దంలో పీటర్ క్రోగ్ అనే ఛాయాచిత్రకారుడు 3-2-1 అనే సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊరిలో లేదా వేరే చోట. మన ఎక్కాల వలె చెప్పుకోవచ్చు.

తెలుగువారికి మాత్రం నాలుగో చిక్కు కూడా ఉన్నది. ఆనాటి డీటీపీ ఖతులలో తెలుగు అక్షరాల ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద కూర్చోబెట్టేవారు. ఖతి ఉన్నంతవరకు తెలుగు. ఖతి లేని యంత్రంలో తెరిస్తే అర్థం లేని గీతలు. ఫైలు చెక్కుచెదరకుండా ఉంటుంది, చదవడానికి రాదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గాని మనవంటి వారి చేతికి అందలేదు. మీ వద్ద పాత ఖతులలో పాఠాలు ఉంటే, వాటిని ఎక్కడెక్కడో దాచేకంటే ముందు యూనికోడ్‌లోకి మార్చుకోండి. మార్చాక ఒకసారి కూర్చొని చదవండి. ఒత్తులు, సున్నలు తారుమారు కావడం నాకు అనుభవం.

నేను ఇప్పుడు చేస్తున్నది ఇది. పాఠాలన్నీ యూనికోడ్‌లో, సాదా ఫైళ్లుగా ఉంటాయి. ఇంటికీ బడికీ నడుమ సింక్‌థింగ్ అనే ఉచిత సాధనం నడుస్తుంది. 2013లో మొదట విడుదలైన ఇది మధ్యలో ఎవరి గిడ్డంగిలోనూ ప్రతి ఉంచకుండా రెండు యంత్రాలను నేరుగా కలుపుతుంది. మారిన ఫైలు పాత రూపాన్ని దాచమని అడిగితే దాస్తుంది, అడగకపోతే దాచదు. నెలకొకసారి అంతా బయటి డిస్కులోకి ఎక్కించి, తీగ తీసి బీరువాలో పెడతాను. ఇంకొక డిస్కు బరంపురంలో మా అక్కయ్య ఇంట్లో ఉంటుంది. సెలవులకు వెళ్లినప్పుడు మారుస్తాను. ప్రతి టర్ము మొదట్లో పాత డిస్కు నుంచి ఏవో రెండు ఫైళ్లు తీసి, తెరిచి, చదివి చూస్తాను. గడియారపు బ్యాటరీ సంగతి చెప్పనే అక్కరలేదు.

పోయిన ఆ రెండు నెలల మాటల గురించి మీరు అడుగుతారేమో. 2005లో ఆ అవ్వ మనవరాలి నోటుబుక్కులో, నేను నల్లబల్ల మీద వ్రాయగా ఆ పిల్ల ఎక్కించుకొన్న పొడుపుకథలు పద్నాలుగు దొరికాయి. వాటిని మళ్లీ టైపు చేశాను. మిగిలినవాటి వరుస సంఖ్యలు ఫైలులో అలాగే ఉంచాను, పక్కన ఏమీ వ్రాయకుండా.