అంబారీ ఏనుగు (కొండపల్లి బొమ్మ)

బొమ్మల కొలువులో పెట్టే కొయ్యబొమ్మ. ఏనుగు మీద అంబారీలో రాజు, ముందు మావటి. ఊరేగింపు బొమ్మే అయినా దండు కదిలే ఠీవి దీనిది. 14వ శతాబ్దపు కోట ఉన్న కొండపల్లిలో చేస్తారు. ఆ ఊరు ఎన్టీఆర్ జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలోది.

తేలికైన తెల్లపొణికి కర్రను సన్నని సెగ మీద ఆరబెట్టి తొండం, చెవులు, కాళ్లు, మనుషులు దేనికది విడిగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. పనితనమంతా ఇక్కడే తేలుతుంది: చెవి మొదట్లో అతుకు కనబడిందంటే ఎన్ని రంగులేసినా దాగదు. ఆరాక ఆకురాయితో నునుపు చేసి, సుద్ద పూసి, రంగులద్దుతారు. సన్నని గీతలకు మేకవెంట్రుకల కుంచె వాడతారు.